క్లాగెన్‌ఫుర్ట్‌లో పోయిన సొత్తు

అమెరికన్ సూపర్‌కండక్టర్ కంపెనీ పుట్టింది గాలిమరల కోసం కాదు. 1986లో జ్యూరిక్ దగ్గరున్న ఐబీఎం ప్రయోగశాలలో బెడ్‌నార్జ్, ముల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పింగాణీ జాతి పదార్థం ఒకదానిలో కరెంటు ఏ నిరోధమూ లేకుండా పారడం గమనించారు. అంతకుముందు తెలిసిన పదార్థాలకు కావలసినంత తీవ్రమైన చలి దీనికి అక్కర్లేదు. మరుసటి ఏడాదే వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. భౌతికశాస్త్రం చదివినవాళ్లంతా నిద్రాహారాలు మాని ఆ పదార్థం వెంట పడ్డ రోజులవి. ఆ 1987లోనే మసాచుసెట్స్‌లో ఎంఐటీ ప్రొఫెసర్ గ్రెగరీ యూరెక్ ఈ కంపెనీ పెట్టారు. ముట్టుకుంటే పెళుసుగా విరిగే ఆ పదార్థాన్ని తీగగా మలచాలి. ఆ తీగలతో దారిలో నష్టం లేకుండా నగరాలకు కరెంటు చేర్చాలి. అదీ ఆయన సంకల్పం.

తీగ వచ్చింది. 2008లో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో ఆ తీగతో చేసిన కేబుల్ నిజమైన గ్రిడ్‌లో కరెంటు మోసింది. యుద్ధనౌక కోసం మోటారు తయారైంది. లాభం మాత్రం రాలేదు. ఏడాదికేడాది షేర్లు అమ్మి తెచ్చిన డబ్బుతో పరిశోధన సాగింది. చివరికి కంపెనీ పూర్తి ఏడాది లాభం కళ్లచూసింది 2010 మార్చితో ముగిసిన సంవత్సరంలో. ఆ ఏడాది అమ్మకాలు 31.6 కోట్ల డాలర్లు. రెండు దశాబ్దాలు దాటిన నిరీక్షణ తర్వాత వచ్చిన ఆ లాభం కూడా తీగల పుణ్యం కాదు. చైనాలో వీచే గాలి పుణ్యం.

చైనా 2005లో పునరుత్పాదక ఇంధన చట్టం చేసింది. దేశంలో నిలబెట్టే గాలిమరల్లో 70 శాతం విడిభాగాలు అక్కడే తయారై ఉండాలన్న నిబంధన కూడా ఆ ఏడాదే వచ్చింది. అంత పెద్ద బజారును వదులుకునే ధైర్యం ఎవరికుంటుంది? వెస్టాస్, గమేసా వంటి ఐరోపా కంపెనీలు అక్కడే ఫ్యాక్టరీలు కట్టాయి. స్థానిక సరఫరాదారులకు ఉక్కు ఎలా పోతపోయాలో, రెక్క ఎలా మలచాలో దగ్గరుండి నేర్పాయి. నేర్చుకున్నవాళ్లు ఆ విడిభాగాలనే చైనా కంపెనీలకూ అమ్మారు. అందులో దొంగతనమేమీ లేదు. నిబంధనలో రాసి ఉన్నదే జరిగింది. 2009లో ఆ నిబంధనను ఎత్తేసేనాటికి విదేశీ కంపెనీల వాటా కరిగిపోయింది.

అమెరికన్ సూపర్‌కండక్టర్ ఇదంతా చూసి వేరే దారి పట్టింది. అది తెలివైన దారి అని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆస్ట్రియాలో, వోర్తర్‌సే సరస్సు ఒడ్డునున్న క్లాగెన్‌ఫుర్ట్ నగరంలో విండ్‌టెక్ అనే చిన్న కంపెనీ ఉండేది. గాలిమరలను అది తయారుచేయదు, వాటి డిజైన్ గీసి లైసెన్స్ ఇస్తుంది. 2007 ఆరంభంలో అమెరికన్ కంపెనీ దాన్ని కొనేసింది. ఇక పథకం సిద్ధం. ఉక్కు స్తంభాలు, రెక్కలు, గేర్లు ఎవరి దేశంలో వాళ్లు చేసుకోవచ్చు. వాటిని నడిపే కరెంటు వ్యవస్థనూ, దానిలో కూర్చుని ఆలోచించే సాఫ్ట్‌వేర్‌నూ మాత్రం తామే అమ్ముతారు. గాలి వేగం మారినప్పుడు రెక్క ఎంత కోణం తిరగాలి, తుపాను వస్తే ఎప్పుడు ఆగాలి, పుట్టిన కరెంటును గ్రిడ్‌కు ఏ రూపంలో ఇవ్వాలి అని క్షణక్షణం తీర్మానించేది ఆ సాఫ్ట్‌వేరే. అది లేకపోతే వంద మీటర్ల గాలిమర ఒట్టి ఇనుము.

పథకానికి తగిన జోడీ బీజింగ్‌లో దొరికింది. డాలియన్‌లోని ప్రభుత్వ భారీ పరిశ్రమ నీడలో హాన్ జున్‌లియాంగ్ అనే అధికారి నిలబెట్టిన కంపెనీ సినోవెల్. 1.5 మెగావాట్ల మరకు డిజైన్‌ను జర్మనీకి చెందిన ఫ్యూర్లెండర్ నుంచి లైసెన్స్ మీద తెచ్చుకుంది. 3 మెగావాట్ల మరను విండ్‌టెక్‌తో కలిసి రూపొందించుకుంది. రెండింటికీ కరెంటు వ్యవస్థ అమెరికన్ సూపర్‌కండక్టర్‌దే. 2008 జూన్‌లో సినోవెల్ ఒక్క ఆర్డరుగా 45 కోట్ల డాలర్ల సరుకు అడిగింది. 2010లో ఆ కంపెనీ 4,386 మెగావాట్ల మరలు నిలబెట్టి చైనాలో మొదటి స్థానానికీ, ప్రపంచంలో వెస్టాస్ తర్వాతి స్థానానికీ ఎక్కింది. షాంఘై దగ్గర సముద్రంలో, డోంగ్‌హాయ్ వంతెన పక్కన వరుసగా నిలిచిన 34 మరలు దానివే. చైనా సముద్రంలో కట్టిన తొలి పెద్ద గాలి విద్యుత్ కేంద్రం అది. ఆ ప్రతి మర లోపలా క్లాగెన్‌ఫుర్ట్ ఇంజనీర్ల ఆలోచన ఉంది.

ఈ కథను అజాగ్రత్తగా తలుపులు తెరిచిపెట్టుకున్న కంపెనీ కథగా చెప్పేవాళ్లున్నారు. అది అన్యాయం. పరాయి దేశానికి వెళ్లే కంపెనీకి లాయర్లు చెప్పే జాగ్రత్తల్లో వాళ్లు విడిచిపెట్టినవి బహుకొద్ది. పేటెంట్ అనేది ఏ దేశానికి ఆ దేశంలో తీసుకోవాలి. పైగా పేటెంట్ అడిగితే కనిపెట్టిన విషయాన్ని లోకానికి వెల్లడించాలి. అందుకని కంపెనీలు యంత్రం చూస్తే తెలిసిపోయేవాటికి పేటెంట్ తీసుకుంటాయి, చూసినా అంతుపట్టనివాటిని వ్యాపార రహస్యంగా అట్టే పెట్టుకుంటాయి. నియంత్రణ సాఫ్ట్‌వేర్ రెండో కోవకు చెందింది. కొన్నవాడికి ఇచ్చేది యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపం. మనిషి చదివి మార్చగలిగే సోర్స్ కోడ్ చేతికివ్వరు. అమ్మమ్మ సాంబారు పొడి రుచి తెలిసినంత మాత్రాన పాళ్లు తెలియవు కదా, అలాగే.

ఆ సోర్స్ కోడ్‌ను అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మిడిల్టన్‌లోని తమ కార్యాలయపు సర్వర్‌లో ఉంచారు. చైనాలో ఉంచలేదు. దాన్ని తెరవగల ఉద్యోగులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. యంత్రంలోకి వెళ్లే రూపానికి ఎన్‌క్రిప్షన్ తాళం వేశారు. ఒప్పందాల్లో గోప్యత షరతులు రాసుకున్నారు. తగాదా వస్తే బీజింగ్ ఆర్బిట్రేషన్ కమిషన్ ముందుకు వెళ్లాలని కూడా రాసుకున్నారు. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల కేంద్రాల్లో పనిచేసే మన పిల్లలకు ఇలాంటి కట్టుదిట్టాలు కొత్త కాదు. పెన్‌డ్రైవ్ పెట్టనివ్వని కంప్యూటర్లు, ఒక బృందం రాసింది ఇంకో బృందానికి కనపడని ఏర్పాట్లు, చేరిన రోజే సంతకం పెట్టించుకునే పత్రాలు వాళ్ల రోజువారీ జీవితం. వాళ్లు రాసే కోడ్ విలువ ఎంతో వాళ్లకన్నా ఆ తాళాలకే ఎక్కువ తెలుసేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

తాళాలన్నీ సరిగ్గానే పడ్డాయి. కాపు లేనివి రెండు మిగిలాయి. ఒకటి, కంపెనీ రాబడిలో 70 శాతానికి పైగా ఒక్క సినోవెల్ నుంచే వస్తోంది. రెండు, తాళంచెవి ఉన్న కొద్దిమందిలో ఒకరి మనసు విరిగింది.

అతని పేరు డేయాన్ కరబాసేవిచ్. సెర్బియా దేశస్థుడు. విండ్‌టెక్‌లో ఆటోమేషన్ విభాగాన్ని నడిపిన ఇంజనీరు. ఆ సాఫ్ట్‌వేర్ పుట్టుక, పెంపకం తెలిసినవాడు. తర్వాత అతన్ని ఆ కుర్చీలోంచి తీసి వేరే పనికి మార్చారు. ఇంట్లోనూ మనశ్శాంతి లేదు. నేను అతని పక్షాన వాదించబోను, అతను చేసిన పని వల్ల వందల కుటుంబాలకు కలిగిన కష్టం అంత పెద్దది. అయినా ఒక కంపెనీ తన రహస్యాల విలువను కోట్లలో లెక్కగట్టి, ఆ రహస్యాన్ని తలలో మోస్తున్న మనిషి ఎలా ఉన్నాడో పట్టించుకోకపోవడం నన్ను చాలాకాలం వెంటాడింది. అతన్ని బదిలీ చేసిన రోజున అతని దగ్గరున్న తాళంచెవి సంగతి ఎవరైనా ఆలోచించారా?

అవతల సినోవెల్‌కు ఒక అవసరం ముంచుకొచ్చింది. గ్రిడ్‌లో వోల్టేజి ఒక్కసారిగా పడిపోయినప్పుడు పాత గాలిమరలు భయపడ్డట్టు గ్రిడ్ నుంచి తెగిపోయేవి. ఒకేసారి వందలాది మరలు తెగిపోతే మొత్తం గ్రిడ్ కూలే ప్రమాదం. 2011 ఫిబ్రవరి 24న గాన్సు రాష్ట్రం జియుచ్వాన్‌లో అదే జరిగింది. ఒక చిన్న లోపం నుంచి మొదలై 598 మరలు గ్రిడ్ నుంచి విడిపోయాయి. వోల్టేజి పడినా కాసేపు ఓర్చుకుని నిలబడే సామర్థ్యం మరలకు ఉండాలని అధికారులు పట్టుబట్టారు. అంటే అప్పటికే నిలబెట్టిన వేల మరలకు సాఫ్ట్‌వేర్ మార్చాలి. అమెరికన్ సూపర్‌కండక్టర్ దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి డబ్బు కట్టాలి. అప్పటికే తీసుకున్న సరుకుకు సినోవెల్ 10 కోట్ల డాలర్లకు పైగా బాకీ. ఇంకా 70 కోట్ల డాలర్లకు పైబడిన సరుకు తీసుకుంటానని ఒప్పందం రాసిచ్చింది. బాకీ తీర్చి, కొత్త సాఫ్ట్‌వేర్ కొని, మిగతా సరుకు తీసుకోవడం ఒక దారి. సోర్స్ కోడే చేతికొస్తే ఈ మూడూ అక్కర్లేదు.

సినోవెల్ పరిశోధన విభాగపు ఉప సంచాలకురాలు సు లియింగ్, టెక్నాలజీ మేనేజరు జావో హైచున్ ఆ రెండో దారిలో కరబాసేవిచ్‌ను కలుపుకున్నారు. ఆరేళ్ల ఉద్యోగం, మొత్తం మీద దాదాపు 17 లక్షల డాలర్లు, బీజింగ్‌లో ఫ్లాటు. ఈమెయిళ్లలో, స్కైప్ సంభాషణల్లో బేరం కుదిరింది. 2011 మార్చి 7న క్లాగెన్‌ఫుర్ట్‌లో కూర్చుని అతను మిడిల్టన్ సర్వర్ నుంచి సోర్స్ కోడ్ దింపుకున్నాడు. ఆ నెలలోనే రాజీనామా ఇచ్చాడు. ఆ కోడ్‌ను సినోవెల్ మరలకు సరిపోయేలా మార్చి ఇచ్చాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు అంటారు. ఈ ఇంటిదొంగను పట్టుకున్నారు. సొత్తే తిరిగి రాలేదు.

క్లాగెన్‌ఫుర్ట్‌లో కోడ్ చేజారిన వారం తిరగకుండానే మసాచుసెట్స్‌లో కంపెనీ పెద్దలు పండగ వాతావరణంలో ఉన్నారు. ఫిన్లాండ్‌కు చెందిన ది స్విచ్ అనే కంపెనీని 19 కోట్ల యూరోలకు కొంటున్నామని ఆ మార్చిలోనే ప్రకటించారు. ఒక్క ఖాతాదారు మీద ఆధారపడటం తగ్గించుకోవాలన్న తపన కూడా అందులో ఉంది. ప్రమాదం ఎక్కడుందో వాళ్లకు తెలియక కాదు. తెలిసి, దిద్దుకోవడం మొదలుపెట్టేసరికే ఆలస్యమైపోయింది.

మార్చి 31న సినోవెల్ సరుకు దించుకోనంది. గోదాములు నిండాయి, ఇప్పుడు వద్దు అంది. ఏప్రిల్ 5న అమెరికన్ సూపర్‌కండక్టర్ ఆ సంగతి బయటపెట్టింది. మరునాడు ఒక్కరోజులో షేరు విలువలో 42 శాతం మాయమైంది. అప్పటికి ఎవరికీ దొంగతనం సంగతి తెలియదు. చైనాలో గాలిమరల జోరు తగ్గిందని, సినోవెల్ దగ్గర నిల్వలు పేరుకుపోయాయని అందరూ అనుకున్నారు. అది కొంతవరకు నిజం కూడా. కంపెనీ వైపు తప్పూ బయటపడింది. చైనా ఖాతాదారుల నుంచి డబ్బు చేతికి రాకముందే రాబడిగా చూపిన లెక్కలను వెనక్కి తీసుకుని మళ్లీ రాయాల్సి వచ్చింది. పెద్ద ఖాతాదారు మీద ఉన్న నమ్మకం పద్దుల పుస్తకంలోకి కూడా పాకిందన్నమాట. వాటాదారులు కోర్టుకెక్కారు. జూన్ 1న యూరెక్ సీఈఓ కుర్చీ దిగి, డేనియల్ మెక్‌గాన్ ఆ స్థానంలోకి వచ్చారు. ఇరవై నాలుగేళ్ల కిందట తీగల కలతో కంపెనీ పెట్టిన ప్రొఫెసర్ ఆ కల పండకుండానే, గాలిమరల గొడవలో పక్కకు తప్పుకోవలసి వచ్చింది.

అసలు గుట్టు అదే జూన్‌లో గోబీ ఎడారి తూర్పు అంచున రట్టయింది. అక్కడ ఒక సినోవెల్ మరలో తమ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ ఇంజనీర్లు పరీక్షిస్తున్నారు. గడువు తీరగానే మర ఆగిపోవాలి. అలా దానిలో ముందే రాసిపెట్టారు. గడువు తీరి వారాలు గడిచినా రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. వాళ్లు కంట్రోలర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను కాపీ తీసి ఆస్ట్రియాకు పంపారు. క్లాగెన్‌ఫుర్ట్‌లో దాన్ని విప్పి చూసినవాళ్లకు తమ కోడే కనిపించింది. ఎవరో మార్చారు. సోర్స్ చేతిలో ఉన్నవాడు తప్ప అలా మార్చలేడు. ఆ సోర్స్ ఎవరెవరి చేతుల్లో ఉండేదో ఆ గదిలో ఉన్నవాళ్లకు తెలుసు. పక్క బల్ల దగ్గర ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన మనిషి పేరు నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో మనం ఊహించుకోవలసిందే.

ఆస్ట్రియా పోలీసులు అతన్ని పట్టుకున్నారు. అతను ఒప్పుకున్నాడు. 2011 సెప్టెంబరులో క్లాగెన్‌ఫుర్ట్ కోర్టు ఏడాది జైలు, ఆపైన రెండేళ్ల పర్యవేక్షణ విధించింది. కంపెనీకి 2 లక్షల యూరోలు కట్టమంది. నేరం జరిగిన ఏడు నెలల్లోపే శిక్ష పడింది. ఈ మొత్తం కథలో న్యాయం తొందరగా కదిలింది ఆ ఒక్కచోటే.

చేతిలో ఇంజనీరు ఒప్పుకోలు ఉంది, ఈమెయిళ్లు ఉన్నాయి, స్కైప్ సంభాషణలున్నాయి, దొంగిలించిన కోడ్ ఉన్న మరలున్నాయి. వ్యాపార రహస్యాల కేసుల్లో ఇంత సాక్ష్యం దొరకడం అరుదు. ఇంత పట్టుకుని కంపెనీ అదే నెలలో చైనా కోర్టులకు వెళ్లింది. బాకీలు, ఒప్పంద భంగం ఆర్బిట్రేషన్ ముందు, కోడ్ దొంగతనం కోర్టుల ముందు. అన్నీ కలిపి 120 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం అడిగింది. సినోవెల్ తిరగబడింది. మీ సరుకే నాసిరకం, మీరే మాకు బాకీ అని ఎదురు కేసు వేసింది. ఇది ఒప్పందం తగాదా, ఆర్బిట్రేషన్‌కే పోవాలి, కోర్టు వినకూడదు అని వాదించింది. ఆ ఒక్క ప్రశ్న చైనా సుప్రీం పీపుల్స్ కోర్టు దాకా వెళ్లింది. కోర్టు వినవచ్చు అని అక్కడ తేలేసరికి 2014 వచ్చింది. దొంగతనం జరిగిందా లేదా అన్న అసలు మాటను ఎత్తుకోకముందే దాదాపు మూడేళ్లు పోయాయి. రోజూ జీతాలివ్వాల్సిన కంపెనీకి మూడేళ్లంటే ఏమిటో కోర్టుల చుట్టూ తిరిగిన ప్రతి చిన్న వ్యాపారికీ తెలుసు, అతనిది బీజింగ్ అయినా బెజవాడ అయినా.

ఈలోగా కంపెనీ కుంచించుకుపోతోంది. ది స్విచ్ కొనుగోలు అక్టోబరులో రద్దయింది. విడతలు విడతలుగా ఉద్యోగులను పంపేశారు. అమెరికా ప్రభుత్వం తర్వాత కోర్టుకు చెప్పిన లెక్క ప్రకారం దాదాపు 700 ఉద్యోగాలు పోయాయి. ప్రపంచవ్యాప్తంగా ఉన్న సిబ్బందిలో సగానికి పైగా. వాటాదారుల సొమ్ము 100 కోట్ల డాలర్లకు మించి ఆవిరైంది. పింగాణీని తీగగా మలచడం నేర్చుకున్నవాళ్లు, వోల్టేజి పడినా మరను నిలబెట్టడం కనిపెట్టినవాళ్లు పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు. ఒక ప్రయోగశాల ఇరవయ్యేళ్లలో పోగుచేసుకునే నేర్పు అలా చెదిరిపోతే తిరిగి పోగవదు. కోర్టులు నష్టాన్ని డాలర్లలో కొలుస్తాయి. దీన్ని కొలిచే కొలబద్ద వాటి దగ్గర లేదు.

సినోవెల్ ఆ దొంగ కోడ్‌ను చైనాలోనే ఉంచుకుని ఉంటే అమెరికా కోర్టుకు చేయి ఎంతవరకు చాచే వీలుండేదో చెప్పలేం. వాళ్లు మసాచుసెట్స్‌లోనే మరలు అమ్మారు. బోస్టన్ నగరంలోని చార్ల్స్‌టౌన్‌లో ఒకటి, సిచువేట్‌లో ఒకటి, ఫెయిర్‌హేవెన్‌లో రెండు. కోడ్ పోగొట్టుకున్న కంపెనీ కేంద్ర కార్యాలయం అప్పట్లో డెవెన్స్‌లో ఉండేది, చార్ల్స్‌టౌన్‌కు కారులో సుమారు గంట దారి. దొంగిలించిన సోర్స్ కోడ్ నుంచి తయారుచేసిన సాఫ్ట్‌వేరే ఆ మరల్లోనూ ఎక్కించారు. వాటిని కొని నిలబెట్టినవాళ్లకు ఆ సంగతి తెలియదు. తర్వాత వాళ్లే దర్యాప్తుకు తోడ్పడ్డారు.

కోడ్ దిగింది విస్కాన్సిన్ సర్వర్ నుంచి కాబట్టి 2013 జూన్ 27న ఆ రాష్ట్రంలోని మాడిసన్‌లో అమెరికా ప్రభుత్వం సినోవెల్ మీద, సు లియింగ్, జావో హైచున్, కరబాసేవిచ్‌ల మీద నేరాభియోగం మోపింది. అమెరికాలోని మా అనుబంధ కంపెనీకి సమన్లు ఇస్తే మాకు ఇచ్చినట్టు కాదని సినోవెల్ అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. అక్కడా నెగ్గలేదు. విచారణ 2018 జనవరిలో జరిగింది. పదకొండు రోజుల తర్వాత, 24వ తేదీన, జ్యూరీ సినోవెల్‌ను దోషిగా తేల్చింది. జూలై 6న జడ్జి జేమ్స్ పీటర్సన్ శిక్ష ప్రకటించారు. చట్టం అనుమతించిన గరిష్ఠ జరిమానా 15 లక్షల డాలర్లు. కంపెనీకి జరిగిన నష్టం 55 కోట్ల డాలర్లకు మించిందని కోర్టులో తేలింది. రెండు కంపెనీలు కుదుర్చుకున్న రాజీ ఒప్పందం ప్రకారం సినోవెల్ కట్టాల్సింది 5.75 కోట్ల డాలర్లు. అందులో 3.25 కోట్లు అప్పటికే ఇచ్చింది, మిగతా 2.5 కోట్లకు పది నెలల గడువు. మసాచుసెట్స్‌లో ఆ మరలు నిలబెట్టి మోసపోయినవాళ్లకు 8.5 లక్షలు.

నష్టంలో పదో వంతు. మెక్‌గాన్ ఆ రాజీకి ఎందుకు ఒప్పుకున్నారని తప్పుపట్టడం తేలిక. ఆ పదో వంతైనా రాబట్టుకునే సమయం దాటిపోతోంది, ఎందుకంటే అప్పు తీర్చాల్సినవాడే మునిగిపోతున్నాడు.

సినోవెల్ పతనమూ ఈ కథలో భాగమే. 2011 జనవరిలో, కోడ్ దొంగతనానికి రెండు నెలల ముందు, అది షాంఘై స్టాక్ మార్కెట్లో షేరు 90 యువాన్ల చొప్పున అమ్మింది. ఆ ధర మొదటి రోజే నిలబడలేదు. చైనాలో గ్రిడ్ అందుకోలేనన్ని మరలు నిలబడిపోయాయి, ఆర్డర్లు పడిపోయాయి, డబ్బు రావడం తగ్గింది. 2011 లాభాలను లేనివి ఉన్నట్టు ఎక్కువ చేసి చూపారని తర్వాత బయటపడింది. హాన్ జున్‌లియాంగ్ 2013లో ఛైర్మన్ పదవి వదిలారు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఆయన్ను జీవితాంతం మార్కెట్ నుంచి నిషేధించింది. మొదటి మర డిజైన్ ఇచ్చిన ఫ్యూర్లెండర్ 2012లో జర్మనీలో దివాలా తీసింది. 2020లో సినోవెల్ షేరు వరుసగా ఇరవై రోజులు ఒక్క యువాన్ కన్నా తక్కువకు పడిపోయి, షాంఘై మార్కెట్ జాబితాలోంచి పేరే పోయింది. దొంగిలించిన కోడ్ దాన్ని కాపాడలేదు. దారి చూపే మనుషులను వదిలేసి కోడ్ ఒక్కటే తెచ్చుకున్న కంపెనీ, తర్వాతి తరం మరకు కావలసిన ఆలోచనను ఎక్కడి నుంచి తెస్తుంది? 2010లో ఒకే మర లోపల కలిసి పనిచేసిన రెండు కంపెనీల్లో ఒకటి సగానికి పైగా కూలింది, ఇంకోటి పూర్తిగా కూలింది. బాకీ తీర్చి, సరుకు దించుకుని ఉంటే రెండూ ఆ గడ్డు కాలాన్ని దాటి ఉండేవేమో.

చట్టాలు తర్వాత మారాయి. 2014లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌలలో మేధోహక్కులకు ప్రత్యేక కోర్టులు వచ్చాయి. 2019లో వ్యాపార రహస్యాల కేసుల్లో రుజువు భారం ఫిర్యాదు చేసినవాడి నెత్తిన మొత్తం పడకుండా సవరణ చేశారు. 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన విదేశీ పెట్టుబడుల చట్టం, టెక్నాలజీ అప్పగించమని అధికారులు బలవంతపెట్టకూడదని చెప్పింది. మంచి మార్పులే. ఈ కేసుకు అందులో ఏదీ సమయానికి అందలేదు.

అమెరికన్ సూపర్‌కండక్టర్ చచ్చిపోలేదు. గ్రిడ్ పరికరాలు, నౌకాదళం పనులు దాన్ని నిలబెట్టాయి. గాలిమరల వైపు కొన్నేళ్లపాటు ఆదుకున్న పెద్ద ఖాతాదారు మన దేశపు ఐనాక్స్ విండ్. అదీ విండ్‌టెక్ లైసెన్స్ తీసుకున్న కంపెనీయే. డెవెన్స్‌లోని విశాలమైన భవనాన్ని అమ్మేసి పక్కనే అయర్‌లో చిన్న చోటికి మారారు. రాజీ సొమ్ము కంపెనీ ఖాతాలో పడింది. అప్పటికి ఏడేళ్ల కిందటే ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఆ ఖాతాకు బయటివాళ్లు. సు లియింగ్, జావో హైచున్, కరబాసేవిచ్ ముగ్గురిలో ఒక్కరూ మాడిసన్ జ్యూరీ ముందు నిలబడలేదు.

ఆ రాజీ ఒప్పందంలో డబ్బు లెక్కల కింద ఇంకో షరతు ఉంది. పత్రికలు దాని జోలికి పెద్దగా వెళ్లలేదు. రెండు కంపెనీల మధ్య పాత సరఫరా ఒప్పందాలన్నీ రద్దవుతాయి, కేసులన్నీ ముగుస్తాయి, ఆపైన అమెరికన్ సూపర్‌కండక్టర్ తన మేధోసంపత్తిలో కొంత భాగాన్ని సినోవెల్ తన మరల్లో వాడుకోవడానికి లైసెన్స్ ఇస్తుంది. దొంగిలించినందుకు జ్యూరీ దోషిగా తేల్చిన కంపెనీకి, ఆ ఏడాదే, సొత్తు గలవాళ్లే సంతకం పెట్టి వాడుకునే హక్కు ఇచ్చారు.